చార్టర్‌హౌస్ స్మారక చాపెల్: కట్టడం అద్భుతం, పేర్లు వెతకాలంటే ముందే సిద్ధమై వెళ్లాలి

మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన దాదాపు 700 మంది పూర్వ విద్యార్థుల కోసం చార్టర్‌హౌస్ స్కూలు కట్టించిన చాపెల్ (స్కూలు ప్రార్థన మందిరం) ఇది. ఇంగ్లండ్‌లోని సర్రే కౌంటీలో, గాడల్మింగ్ ఊరిని ఆనుకున్న గుట్ట మీద ఉంది. 1927లో ప్రతిష్ఠ జరిగింది. రెండో ప్రపంచ యుద్ధంలోనూ ఆ తర్వాతి పోరాటాల్లోనూ పోయినవాళ్లవి ఇంకో 350 దాకా పేర్లు చేరాయి. పరిమాణంలో ఇంగ్లండ్‌లోకెల్లా పెద్ద యుద్ధ స్మారకంగా దీన్నే చెబుతారు.

కట్టినది గైల్స్ గిల్బర్ట్ స్కాట్. లండన్ వీధుల్లోని ఎర్ర టెలిఫోన్ బూత్, లివర్‌పూల్ ఆంగ్లికన్ కెథీడ్రల్ ఆయన గీసినవే. ఇక్కడ ఆయన పనితనమంతా కిటికీల్లో ఉంది. సన్నగా, బాగా ఎత్తుగా, మందపాటి గోడల్లో లోపలికి జరిపి పెట్టాడు. దూరపు కిటికీలను పక్కనుంచి చూస్తే అద్దం కనబడదు, గోడ అంచు మీద పడ్డ వెలుగే కనబడుతుంది. అలంకారం తక్కువ, ఎత్తు ఎక్కువ. ఈ లెక్క మాకు నచ్చింది.

ఫోటోలు తీసేవాళ్లకు మాత్రం ఇదే తలనొప్పి. ఫోన్‌ను దాని మానాన వదిలేస్తే కిటికీ తెల్లగా కాలిపోతుంది, లేదా గోడ నల్లబడిపోతుంది. ఫోన్ తెర మీద, వెలుగు పడిన గోడ అంచు కనబడేచోట వేలు పెట్టి ఫోకస్ చేసి, ఎక్స్‌పోజర్ (ఫోటోలోకి వచ్చే వెలుగు) ఒక స్టాప్, అంటే సగానికి, తగ్గించండి. కెమెరా పైకెత్తితే గోడలు లోపలికి వాలినట్టు వస్తాయి. కాబట్టి ఒక చివరికి వెళ్లి ఫోన్‌ను నిటారుగా పట్టుకుని తీయడం మేలు.

లోపలికి వెళ్లడం అంత సులువు కాదు. పిల్లలు ఉండి చదువుకునే బోర్డింగ్ స్కూలు, ఎవరుపడితే వాళ్లు నడిచి వెళ్లే గుడి కాదు. ముందే రాసి, ఎందుకు వస్తున్నారో, ఏ పేరు చూడాలనుకుంటున్నారో చెప్పి అనుమతి తీసుకోవాలి. నవంబరు రెండో ఆదివారం, అంటే యుద్ధాల్లో పోయినవాళ్లను స్మరించుకునే రిమెంబ్రెన్స్ సండే దగ్గర్లో, తీరిగ్గా చూద్దామనుకోకండి. లండన్ వాటర్లూ నుంచి గాడల్మింగ్‌కు నేరుగా రైలు ఉంది. స్టేషన్ నుంచి స్కూలుకు ఎక్కుడు దారి, మోకాళ్ల నొప్పులుంటే టాక్సీ మాట్లాడుకోండి.

ఇక పేర్ల సంగతి. వెయ్యికి పైగా పేర్లలో ఇంటిపేరు ఒక్కటే పట్టుకుని వెతికితే అన్నదమ్ములు, దాయాదులు కలిసిపోతారు. పూర్తి పేరు, రెజిమెంట్, చనిపోయిన తేదీ రాసిపెట్టుకోండి. యుద్ధాల్లో పోయిన కామన్వెల్త్ సైనికుల సమాధులను, స్మారకాలను చూసుకునే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైట్‌లో ఇవి ఉచితంగా దొరుకుతాయి. ఒక మెలిక ఉంది: ఆ కమిషన్ మొదటి యుద్ధానికి 1914 ఆగస్టు 4 నుంచి 1921 ఆగస్టు 31 వరకు, రెండో దానికి 1939 సెప్టెంబరు 3 నుంచి 1947 డిసెంబరు 31 వరకు పోయినవాళ్లనే లెక్కలోకి తీసుకుంటుంది. గాయాలతో మంచాన పడి ఆ గడువు దాటాక పోయినవాళ్లు అక్కడ కనబడరు. స్కూళ్లు తమ జాబితాలను సొంత లెక్కతో వేసుకుంటాయి. అందుకే రెండు జాబితాలు సరిపోలకపోతే వెంటనే తప్పు అనుకోకండి.

చెక్కిన అక్షరం మసగ్గా ఉంటే టార్చి ఎదురుగా కొట్టకండి. గోడకు దాదాపు ఆనించి పక్కనుంచి పట్టుకుంటే గాళ్లలో నీడ పడి అక్షరం తేలుతుంది. కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దడం, తడిగుడ్డతో తుడవడం ఏ స్మారకం దగ్గరా చేయకూడదు, రాయి అరిగిపోతుంది.

నింపాదిగా నిలబడి పేర్లు చదవడమే మీకు ముఖ్యమైతే మా ఓటు ఇంగ్లండ్‌లోనే వించెస్టర్ ఊళ్లో ఉన్న వించెస్టర్ కాలేజీ అనే స్కూలు యుద్ధ స్మారకం, వార్ క్లాయిస్టర్‌కు. హెర్బర్ట్ బేకర్ రూపకల్పన, 1924లో అంకితం చేశారు. మధ్యలో ఆరుబయలు, చుట్టూ వరండా. మొదటి యుద్ధంలో పోయిన 500 మంది పేర్లు పగటి వెలుగులోనే చదవొచ్చు. గాడల్మింగ్ నుంచి వోకింగ్‌లో రైలు మారితే వించెస్టర్ చేరొచ్చు, రెండూ ఒకే రోజులో కుదురుతాయి. అక్కడ టికెట్‌తో గైడ్ టూర్లు నడుపుతారు. బుక్ చేసేముందు వార్ క్లాయిస్టర్ ఆ టూరులో ఉందో లేదో అడిగి తెలుసుకోండి.