బీఎల్‌డీసీ సీలింగ్ ఫ్యాన్: కోతల కాలానికి తగినదే, రిమోట్‌తోనే తంటా

ఎండాకాలంలో కరెంటు కోతలు మొదలైతే నల్లగొండ ఇళ్లలో అందరూ ఒకే గదిలో పడుకోవడం, కరెంటు ఉన్నప్పుడే మోటారు వేసి ట్యాంకు నింపుకోవడం మామూలే. ప్రకాశం బజారులో కొన్న ఈ బీఎల్‌డీసీ (బ్రష్‌లు లేని డీసీ మోటారుతో తిరిగే) ఫ్యాన్ ఆ సర్దుబాట్లను కొంత తగ్గించింది. పాత ఫ్యాన్ సుమారు 75 వాట్లు లాగే చోట ఇది పూర్తి వేగంలోనూ 30 వాట్ల దగ్గరే ఆగుతుంది కాబట్టి, ఒక ఫ్యాన్‌కే సరిపోయే ఇన్వర్టర్ బ్యాటరీతో ఇప్పుడు రెండు గదుల్లో గాలి ఆడుతోంది. వోల్టేజీ పడిపోయినా రెక్కల వేగం తగ్గడం లేదు. తెలంగాణ ప్రభుత్వ గృహజ్యోతి పథకం కింద సున్నా బిల్లుకు నెలకు 200 యూనిట్లు దాటకూడదు గనుక, ఈ ఆదా చిన్నదేమీ కాదు.

రిమోట్ మాత్రం నాసిరకం. బటన్ల మీది అంకెలు అప్పుడే చెరిగిపోయాయి; గోడకున్న పాత రెగ్యులేటర్ దీనికి పనికిరాదు కనుక, అర్ధరాత్రి చలివేస్తే ఆ రిమోట్‌ను వెతుక్కోవాల్సిందే. మా అమ్మగారి గదిలో అందుకే పాత ఫ్యాన్‌నే ఉంచాము.