ఆక్స్‌ఫర్డ్ దారా, వార్డు దారా: ఏది మేలు?

2024 జులైలో బ్రిటన్ ఎన్నికలు అయిన దగ్గర్నుంచీ ఇక్కడి మన కుర్రాళ్లది ఒకటే ప్రశ్న: "అన్నా, ఎంపీ కావాలంటే కనిష్క నారాయణ్‌లా చదవాలా, సోజన్ జోసెఫ్‌లా తిరగాలా?" ఇద్దరూ ఇండియాలో పుట్టినవాళ్లే, ఇద్దరూ లేబరే, ఇద్దరూ అప్పుడే తొలిసారి గెలిచారు. పోలిక అంతవరకే.

కనిష్కది బీహార్‌లోని ముజఫర్‌పూర్. పన్నెండేళ్లప్పుడు కార్డిఫ్ వచ్చాడు. స్కాలర్‌షిప్ మీద పేరున్న ప్రైవేటు స్కూలు ఈటన్, ఆ తర్వాత ఆక్స్‌ఫర్డ్, స్టాన్‌ఫర్డ్. కొన్నాళ్లు ప్రభుత్వ కొలువు, ఆపైన స్టార్టప్‌లలో పెట్టుబడుల పని. వేల్ ఆఫ్ గ్లమోర్గన్‌లో మాజీ మంత్రి అలన్ కెయిర్న్స్‌ను ఓడించాడు. వేల్స్ నుంచి తెల్లవాడు కాని తొలి ఎంపీ అతనే. 2025 సెప్టెంబరుకల్లా ఏఐ వ్యవహారాలు చూసే సహాయ మంత్రి. కుర్చీ తొందరగా కావాలంటే ఈ దారికి సాటి లేదు, ఒప్పుకుంటాను. కాకపోతే ఈటన్ స్కాలర్‌షిప్ ముప్పై దాటాక ఎవరిస్తారు?

సోజన్‌ది కొట్టాయం దగ్గర కైపుళ. నర్సింగ్ చదివి 2001లో వచ్చాడు. ఇరవయ్యేళ్లకు పైగా ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్‌ఎస్‌లో మానసిక వైద్య నర్సు. ఆష్‌ఫర్డ్‌లోనే వార్డు కౌన్సిలరై, 1997 నుంచి పాతుకుపోయిన కన్సర్వేటివ్ ఎంపీ డేమియన్ గ్రీన్‌ను 1,779 ఓట్లతో దించాడు. ఆ సీటు అంతకుముందు లేబర్‌కు ఎన్నడూ దక్కలేదు. కన్సర్వేటివ్‌లకు పోటీగా ఉన్న మితవాద పార్టీ రిఫార్మ్ పది వేలకు పైగా ఓట్లు పట్టుకుపోకుంటే ఏమయ్యేదో, అది వేరే లెక్క.

అయినా నేను వార్డు వైపే. మామూలుగా టికెట్ ఎవరికన్నది తేల్చేది స్థానిక పార్టీ సభ్యులు. వాళ్లకు మన డిగ్రీ కన్నా మన మొహం తెలియాలి. ఒక కౌన్సిల్ ఎన్నికకు కరపత్రాలు పంచడానికి వెళ్లాను. తలుపుకుండే లెటర్‌బాక్స్ బ్రష్‌లో కాగితం ముడుచుకుపోతుంది, లోపల కుక్క మన వేళ్ల కోసం కాచుకుని ఉంటుంది. తోడొచ్చిన పెద్దావిడ సంచిలోంచి చెక్క గరిటె తీసిచ్చింది, కరపత్రం దానికి చుట్టి తోయమని! ఆరో వీధికొచ్చేసరికి ఎవరింటి గోడకు చెమ్మ పట్టిందో, ఎక్కడ చెత్త డబ్బాలు వారంగా ఎత్తలేదో నాకు నోటికొచ్చేసింది. రేపు అభ్యర్థిని ఎంచే మీటింగులో చెయ్యెత్తేది ఆ గరిటె ఆవిడే.

నేరుగా ఇండిపెండెంటుగా దిగడం మూడో దారి. ఇండియా పాస్‌పోర్టే ఉన్నా ఐఎల్ఆర్ (ఇక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి) ఉంటే చాలు. పది సంతకాలు, 500 పౌండ్ల డిపాజిట్. ఐదు శాతం రాకుంటే ఆ డబ్బు గోవిందా.

వార్డు దారిలో వెళ్తే గెలుపు ఖాయమనీ కాదు. స్టోక్‌లో కౌన్సిలర్‌గా, లార్డ్ మేయర్‌గా చేసిన మన డాక్టర్ చంద్ర కన్నెగంటి 2024లో కన్సర్వేటివ్ టికెట్ మీద నిలబడి ఓడిపోయారు. ఆ ఏడు గాలి అటు లేదు.

మొన్న ఇదే అడిగిన తమ్ముణ్ణి, ఓటర్ల జాబితాలో పేరుందా అన్నాను. ఐదేళ్లుగా ఇక్కడే ఉంటున్నాడు, మనకూ ఓటుంటుందని తెలియదట.