రాత్రి డ్యూటీ తర్వాత ట్యూబు టీవీ: 19 ఏళ్ల వాడకం

2006లో అబిడ్స్‌లో కొన్న 21 అంగుళాల ట్యూబు టీవీ ఇది. ఈలోపు మూడు ఇళ్లు మారాం. దీన్ని మెట్ల మీద మోసినవాళ్లంతా నన్ను ఏమని తిట్టుకున్నారో ఊహించగలను. హాల్లో గోడకు పల్చటి టీవీ ఒకటుంది, అది ఇంటివాళ్లది. ఇది మాత్రం వెనక గదిలో ఇనప బల్ల మీద నాకోసం మిగిలింది. దినపత్రికలో సిటీ రిపోర్టర్‌ని. పేజీలు ప్రెస్‌కు వెళ్లాక ఇల్లు చేరేసరికి ఒంటిగంట దాటుతుంది. అప్పుడు ఏదో ఒక పాత సీరియల్ ఒక ఎపిసోడ్ చూసి పడుకుంటాను. ఈ సమీక్ష ఆ వేళకూ ఆ పనికీ సంబంధించిందే. క్రికెట్ కోసం అడిగేవారు ఇక్కడే ఆగిపోవచ్చు. బంతి కనిపించదు, స్కోరు అసలే కనిపించదు.

బొమ్మ సంగతి ముందు. 'రామాయణ్' నుంచి 'అమృతం' దాకా అప్పటి సీరియళ్లు నాలుగుకు మూడు కొలతలో తీసినవి. హాల్లో టీవీలో వాటికి రెండు పక్కలా నల్లటి గోడలు లేస్తాయి. అవి మా ఇంట్లో ఎవరికీ నచ్చక బొమ్మను సాగదీస్తారు. గుండు హనుమంతరావు ముఖం అప్పడంలా విచ్చుకుంటే ఆంజనేలు మీద జాలి తప్ప నవ్వు రాదు. నా టీవీలో బొమ్మ అంచు నుంచి అంచుకు అమరుతుంది. అరిగిన కాపీల్లోని గళ్లను కూడా ట్యూబు తన మసకలో కలిపేసుకుంటుంది. శంకర్ నాగ్ ఆగుంబెలో తీసిన 'మాల్గుడి డేస్' దీనిలో చూస్తే పెంకుల రంగు పెంకుల్లాగే ఉంటుంది.

ఫోను నుంచి బొమ్మ రావడానికి కోఠి గుజరాతీ గల్లీలో కన్వర్టర్ కొన్నాను. మొదటిది నెలకే వేడెక్కి పోయింది, రెండోది నాలుగేళ్లుగా నడుస్తోంది. ఫోనుకు చార్జర్ పెట్టి ఉంచితే శబ్దంలో గుర్రుమనే మోత వస్తుంది కాబట్టి తీసేయాలి. కొత్త కార్యక్రమాల్లో కింద వచ్చే అక్షరాలు సగం తెగిపోతాయి. అది లోపమే.

ఇక నా రిపోర్టింగ్ పని సంగతికి వస్తే, 1993లో దూరదర్శన్‌లో వచ్చిన 'బ్యోమకేశ్ బక్షీ'ని ఈ తెర మీద నాలుగుసార్లైనా చూసి ఉంటాను. బాసు ఛటర్జీ తీశారు. బ్యోమకేశ్‌గా రజిత్ కపూర్ గొంతు పెంచడు, పరుగెత్తడు. ఎదుటివాడు చెప్పింది పూర్తిగా విని ఇంకో చిన్న ప్రశ్న వేస్తాడు. డిటెక్టివ్ అంటే ఇష్టపడడు, సత్యాన్వేషి అనమంటాడు. మా విలేకరుల్లో ఎవరైనా ఆ బిరుదు తగిలించుకుంటే బతకనివ్వం. ఆ చిన్న ప్రశ్నను మాత్రం నేను దొంగిలించాను.

ఒక వేసవిలో ఒక గోదాములో మంటలు లేచాయి. అగ్నిప్రమాదం వార్తకు రెండో వాక్యం మా వేళ్లలోనే ఉంటుంది: షార్ట్ సర్క్యూట్ కారణమని ప్రాథమికంగా తెలుస్తోంది. అదే కొట్టబోతూ, ఎదురుగా టీ బండి పెట్టుకున్న ఆయనను అడిగాను, మంటలు చూసినప్పుడు మీ బల్బు వెలుగుతోందా అని.

"ఎక్కడ సార్, అప్పటికి గంటన్నరగా వీధి మొత్తానికి కరెంటే లేదు" అన్నాడు.

ఆ వాక్యం లేకుండా వార్త వెళ్లింది. సింగిల్ కాలమే, బైలైన్‌గా నా పేరు కూడా లేదు. కటింగ్ మాత్రం దాచుకున్నాను.

ఇంకో అలవాటు శాంతిస్వరూప్ గారి వల్ల. 1983 నవంబరు 14న దూరదర్శన్‌లో తొలి తెలుగు వార్తలు చదివింది ఆయనే. టెలిప్రాంప్టర్ లేని రోజుల్లో స్క్రిప్టు కాగితాలను బట్టీపట్టి చదివేవారు. 2024 ఏప్రిల్‌లో ఆయన పోయినప్పటి నుంచి నా ఇంట్రోను, అంటే వార్త మొదటి పేరాను, ఆయన నడకలో లోలోపల చదివి చూస్తున్నాను. ఊపిరి చాలకపోతే వాక్యం విరుస్తాను. డెస్కులో కోతలు కొంత తగ్గాయి.

రిపేర్లు రెండే. ఒకసారి కండెన్సర్లు, ఒకసారి ఎల్‌ఓటీ, అంటే ట్యూబుకు హై వోల్టేజీ ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్. రెండోసారి మెకానిక్ "సార్, దీనికి పెట్టే డబ్బు దండగ" అంటూనే పాత సెట్టులోంచి తీసింది వేశాడు. మరో జాగ్రత్త: స్పీకరు దగ్గర పెట్టకండి. మా అమ్మాయి పెడితే దాని అయస్కాంతానికి ఒక మూల ఆకుపచ్చగా మారింది. సెట్టు ఆపి, అరగంట చల్లారనిచ్చి మళ్లీ వేస్తే, ఆ అయస్కాంత ప్రభావాన్ని తుడిచే లోపలి తీగచుట్ట 'ధన్' అన్న చప్పుడు చేసి మచ్చ కొంత పోయింది. అలా నాలుగుసార్లు చేయాల్సి వచ్చింది. చల్లారకుండా వేస్తే ఆ చప్పుడే రాదు, మచ్చా పోదు.

ట్యూబు టీవీలో ఒక్కో బొమ్మకు 625 గీతలు, సెకనుకు 25 బొమ్మలు. గుణిస్తే 15,625. ట్యూబు సెకనుకు అన్నిసార్లు గీస్తూ సన్నగా కీచుమంటుంది. కొన్న కొత్తలో నాకూ వినిపించేది. ఇప్పుడు ఎంత చెవి పెట్టినా వినిపించదు. మా అమ్మాయికి పక్క గదిలోకి కూడా వినిపిస్తుంది. నేను డ్యూటీ నుంచి వచ్చానని తనకు తెలిసేది అలాగేనట.

మొన్న ఎపిసోడ్ మధ్యలో కునుకు పట్టింది. ఫోను చార్జింగ్ అయిపోయి తెర నల్లబడింది. సెట్టు ఆపేశాననుకుని అలాగే ఒరిగాను. రెండున్నరకు అమ్మాయి కళ్లు నలుపుకుంటూ తలుపు దగ్గరకు వచ్చింది.

"నాన్నా, టీవీ ఇంకా అరుస్తోంది" అని, తనే వెళ్లి స్విచ్ నొక్కింది.