బీరు చల్లార్చడానికి ఫౌంటెన్ పంపు: కొన్నేళ్ల వాడకం తర్వాత

అమెరికాలోని డాలస్ ప్రాంతంలో ఇంట్లో బీరు తయారుచేసుకునేవారికి వేసవిలో అసలు చిక్కు కాచడంలో లేదు, చల్లార్చడంలో ఉంది. మాల్టు (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) రసాన్ని చేదునూ వాసననూ ఇచ్చే హాప్స్ పూలతో గంటసేపు మరిగించాక, పులియబెట్టే ఈస్టు కలపడానికి దానిని 20 డిగ్రీల సెల్సియస్ దాకా త్వరగా దించాలి; ఆలస్యమైతే అక్కరలేని సూక్ష్మజీవులు చేరే ప్రమాదం పెరగడమే కాక, రసం బాగా వేడిగా ఉన్నంతసేపూ డైమిథైల్ సల్ఫైడ్ అనే గంధక పదార్థం పుడుతూ ఉడికిన మొక్కజొన్న వాసనను మిగులుస్తుంది. రాగి గొట్టపు చుట్టను రసంలో ముంచి, దానిగుండా కుళాయి నీటిని పారించడం అందరికీ తెలిసిన పద్ధతే. అయితే ఆగస్టులో ఇక్కడి కుళాయి నీరే 30 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది కనుక, ఎంత నీరు పారబోసినా రసం అంతకంటే కిందికి దిగదు.

ఈ లోటు తీర్చడానికి తోట ఫౌంటెన్ల కోసం అమ్మే చిన్న సబ్మర్సిబుల్ (నీటిలో మునిగి పనిచేసే) పంపును కొన్నేళ్లుగా వాడుతున్నాను. మన ఊళ్లలో ఎయిర్ కూలర్ అడుగున ఉండి నీటిని గడ్డి మీదికి ఎక్కించే పంపు కూడా ఇదే జాతిది. ఐసు వేసిన నీళ్ల బకెట్టులో దీన్ని ముంచితే, ఆ చల్లటి నీరు రాగి చుట్టలో తిరిగి మళ్లీ బకెట్టులోకే వస్తుంది.

దీన్ని మొదటినుంచీ కాక, చివరి దశలోనే వాడాలని గట్టిగా చెబుతాను. కిలో ఐసు కరగడానికి సుమారు 80 కిలో కేలరీల వేడి కావాలి. 19 లీటర్ల రసాన్ని 100 నుంచి 20 డిగ్రీలకు దించాలంటే దాదాపు 1500 కిలో కేలరీలు లాగాలి. అంటే పద్దెనిమిది, పంతొమ్మిది కిలోల ఐసు కరిగిపోతుంది. కుళాయి నీటితోనే 40 దాకా దించి, అప్పుడు పంపు పెడితే ఐదు కిలోలతో పని ముగుస్తుంది. రసాన్ని మధ్యమధ్య శుభ్రమైన గరిటెతో కలుపుతూ ఉంటే ఈ దశ ఇరవై నిమిషాలకు మించదు.

పెట్టె మీద గంటకు 1500 లీటర్లని రాసి ఉంటుంది. అది గొట్టమేదీ తగిలించనప్పటి లెక్క. పదిహేను మీటర్ల సన్నని రాగి చుట్టలో నిమిషానికి రెండు లీటర్ల పైచిలుకు మాత్రమే వస్తుంది, ఈ పనికి అది చాలు. కొనేటప్పుడు లీటర్లకన్నా, నీటిని ఎంత ఎత్తుకు ఎక్కించగలదో చూడడం మేలు. రెండు మీటర్లకు తక్కువైతే తీసుకోకండి.

సీసాలు, కెగ్గులు (బీరు నింపే లోహపు పీపాలు) కడగడానికి కూడా దీనినే పెడుతున్నాను. నిలువు గొట్టం బిగించి, పైన కెగ్గు బోర్లించి, పెర్కార్బనేట్ అనే శుభ్రపరిచే పొడి కలిపిన నీటిని చిమ్మిస్తే చేయి దూరని మూలలు కూడా శుభ్రపడతాయి. ఆ పొడి బాగా వేడినీటిలో చురుకుగా పనిచేస్తుంది, పంపు మాత్రం 35 డిగ్రీలు దాటితే తట్టుకోదు. అందుకే గోరువెచ్చటి నీటితో ఎక్కువసేపు నడపవలసి వస్తుంది. నురగ వచ్చే శానిటైజర్‌కు ఇది పనికిరాదు, గాలి పీల్చుకుని ధార తెగిపోతుంది. కడిగిన ప్రతిసారీ పంపు ముందువైపు మూత తీసి, నీటిని నెట్టే లోపలి చక్రాన్ని (ఇంపెల్లర్‌ను) మంచినీటితో తుడిచి ఆరబెట్టాలి.

బీరు రసాన్ని మాత్రం దీనిగుండా ఎన్నడూ పంపకూడదు. ఇందులోని ప్లాస్టిక్ ఆహారానికి ఉద్దేశించింది కాదు, మరిగే వేడికి నిలిచేదీ కాదు. ఆ పనికి 120 డిగ్రీలు తట్టుకునే పాలీసల్ఫోన్ అనే ప్లాస్టిక్ తల ఉన్న మాగ్నెటిక్ డ్రైవ్ (అయస్కాంతంతో తిరిగే) పంపు విడిగా కొనుక్కోవాలి. నీటిలో మునిగి నడిచే విద్యుత్ పరికరం కనుక, ఈ ఫౌంటెన్ పంపును జీఎఫ్‌సీఐ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే) రక్షణ ఉన్న సాకెట్టుకే తగిలించి, తీగ సాకెట్టు కన్నా కిందికి వేలాడి పైకి వచ్చేలా అమర్చాలి.