కడపలో అక్వేరియం ఇసుక కొనేవాళ్ళకు: ఆ ‘సిలికా’ ముగ్గుపిండి కావచ్చు, జాగ్రత్త

పోయిన నెల నేను మోసపోయిన కథ ఇది. అంగడి పేరు రాయను, దయచేసి అడగొద్దు.

నాది 2 అడుగుల పొడవు, అడుగు వెడల్పు ట్యాంకు. కోరీలు (కోరిడోరాస్, అడుగున తిరిగే మీసాల చేపలు) పెంచాలని ఎప్పటినుంచో ఆశ. అవి మూతి ఇసుకలో దూర్చి కెలుక్కుంటూ తింటాయి. గింజ పదునుగా ఉంటే మీసాలు అరిగిపోవచ్చు. అందుకే సన్న ఇసుక కావాలని అడిగినా. అంగడాయన తెల్లటి సంచి తీసి, "ప్యూర్ సిలికా అన్నా, పీహెచ్ గీత కూడా కదలదు" అన్నాడు. సిలికా అంటే పలుగురాయి ఇసుక. పీహెచ్ అంటే నీళ్ళ ఆమ్ల, క్షార గుణం లెక్క, 7 అంటే మధ్యస్థం. కిలో 40 చొప్పున 15 కిలోలు తెచ్చినా. అంత ట్యాంకులో 2 అంగుళాల మందానికి అదే సరిపోతుంది.

ఇంటికొచ్చి కడగడం మొదలుపెడితే ఎనిమిది బకెట్లు మార్చినా నీళ్ళు పాలలాగే వస్తున్నాయి. మా అమ్మ వచ్చి చిటికెడు తీసుకొని వేళ్ళ మధ్య నలిపి, "ఇది ముగ్గుపిండి కదరా, దీనికి 600 పోసినావా?" అనింది. నేను నవ్వి ఊరుకున్నా. అప్పుడే ఆగాల్సింది.

మా బోరు నీళ్ళు కాచితే గిన్నె అడుగున తెల్లగా గట్టిపడుతుంది. అందుకని ఆర్వో నీళ్ళు కలిపి టీడీఎస్ (నీళ్ళలో కరిగిన లవణాల లెక్క) 140, పీహెచ్ 7 దగ్గర పెట్టుకున్నా. పది రోజుల్లో టీడీఎస్ 230, పీహెచ్ 8.2. పన్నెండు నియాన్ టెట్రా చేపల్లో అయిదు పోయాయి. ట్యాంకు కుదురుకోకముందే (చేపల వ్యర్థాల నుంచి వచ్చే అమ్మోనియాను తినే బ్యాక్టీరియా పెరగకముందే) చేపలు వదలడం నా తప్పే, ఒప్పుకుంటా. కానీ కొత్త ట్యాంకులో ఉండే అమ్మోనియా పీహెచ్ 7 దగ్గర చేసే చెడు వేరు, 8 దాటాక చేసే చెడు వేరు. పీహెచ్ ఒక్క అంకె పెరిగితే అందులో విషంగా పనిచేసే భాగం దాదాపు పది రెట్లవుతుంది. కోరీలను ఇంకా తేకపోవడం నా అదృష్టం.

అప్పుడు పరీక్ష చేసినా. ముందు నిమ్మకాయ పిండితే ఒకటీ అరా బుడగ తప్ప ఏమీ లేదు. హమ్మయ్య అనుకొంటిని. ఎందుకో నమ్మకం కుదరక బాత్రూం కడిగే యాసిడ్ రెండు చుక్కలు వేస్తే బుస్సుమని నురగ పొంగింది. మామూలు సున్నపురాయి నిమ్మరసానికే పొంగుతుంది. మెగ్నీషియం కలిసిన డోలమైట్ రాయి అయితే అంత తేలిగ్గా బయటపడదు, గట్టి యాసిడ్ పడాల్సిందే. అసలు సిలికా దేనికీ పొంగదు. పొంగే రాయి ట్యాంకులో మెల్లగా కరిగి టీడీఎస్, పీహెచ్ పెంచుతుంది. ఈ పని ఆరుబయట, గ్లౌజులు వేసుకొని, చిటికెడు ఇసుకతోనే చేయండి. దగ్గర్లో బ్లీచింగ్ పౌడర్ ఉండకూడదు. ఆ ఇసుక మళ్ళీ ట్యాంకులోకి పోకూడదు.

మన దగ్గర ఈ జాగ్రత్త ఇంకాస్త ఎక్కువ కావాలి. ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలు నడిచేది సున్నపురాయి మీదే. కడప బండ, బేతంచెర్ల బండ, తాడిపత్రి బండ అన్నీ ఆ జాతివే. ఈ చుట్టుపక్కల తెల్లరాయి పిండి చేసి జల్లించి ‘ఇసుక’ అంటే నమ్మేముందు రెండు చుక్కలు వేయండి. ఏటి ఇసుకైనా అంతే. పాపఘ్ని ఇసుక బాగుంటుందని చాలామంది అంటారు, కానీ కమలాపురం దగ్గర పెన్నలో కలిసే కుందూ నంద్యాల సున్నపురాళ్ళ మీదుగా వస్తుంది. ఏ సంచికి ఆ సంచి చూసుకోవాల్సిందే. ఎం-శాండ్ పొంగకపోయినా కోరీలకు వద్దు, రాయి పగలగొట్టి చేసింది కాబట్టి అంచులు గీసుకుంటాయి.

ఇప్పుడు నీళ్ళ ఫిల్టర్లలో వేసే గుండ్రటి ఇసుక దొరికింది, యాసిడ్‌కు పొంగలేదు. అంగుళంన్నరే వేసినా. మందంగా వేసి కెలకకుండా వదిలేస్తే అడుగున గాలి ఆడక కుళ్ళిన గుడ్డు వాసన గ్యాసు తయారవుతుంది.

వాపసు అడిగితే "నీళ్ళలో పడిన సరుకు తీసుకోం" అన్నాడు. సిలికా అన్నావు కదా అంటే, "సంచి మీద అలాగే రాసి వస్తుందన్నా" అన్నాడు. సంచి మీద అసలు ఏమీ రాసి లేదు.

ఇంకోమాట, ఇసుక తప్పు ఏమీ లేదు, పేరే తప్పు. ఆఫ్రికాలోని మలావి, టాంగన్యీకా సరస్సుల చేపలైన సిక్లిడ్‌లకు ఇలాంటి గట్టి నీళ్ళే కావాలి. ఎవరైనా పెంచుతుంటే చెప్పండి, 15 కిలోలూ మా మెట్ల కింద ఉన్నాయి. ఊరికే తీసుకుపోవచ్చు, సంచి మాత్రం మీరే తెచ్చుకోండి. పాత సంచిలో మా అమ్మ ఉల్లిగడ్డలు పోసింది.