మూఢనమ్మకాలపై పోరు: చట్టమా, మహిమల గుట్టు విప్పడమా, గోరా దారా - ఏది మేలు?

మంత్రాల నెపంతో ఎవరినో చంపారన్న వార్త వచ్చినప్పుడల్లా నన్ను ఒకే ప్రశ్న అడుగుతుంటారు. "మహారాష్ట్రలాగా మనమూ గట్టి చట్టం తెచ్చుకుంటే సరిపోదా? ఇన్నేళ్లుగా ఊరూరా తిరిగి నాలుక మీద కర్పూరం వెలిగిస్తూనే ఉన్నారు, ఏం మారింది?" దీనికి ఎదురు మాట కూడా వెంటనే వస్తుంది: "కేసులు పెడితే నమ్మకం పోతుందా? ముందు జనానికి సైన్స్ చెప్పండి." మూడో మాట అనేవాళ్లు తక్కువ. జనం మధ్యే కాపురం పెట్టి, వాళ్ల కష్టంలో ఉంటూ మార్చుకురావాలన్నది అది. మన దగ్గర, నాస్తిక ఉద్యమకారుడు గోరాను తలచుకుని, దానికి గోరా దారి అని పేరు పెట్టుకోవచ్చు. నా మొగ్గు అటే. కానీ మిగతా రెండింటినీ తోసేయడానికి వీల్లేదు. ఎందుకో చెబుతాను.

చట్టంతో మొదలుపెడదాం. నరేంద్ర దభోల్కర్ స్వయానా డాక్టరు. 1989లో మహారాష్ట్ర అంధశ్రద్ధా నిర్మూలన సమితి పెట్టి, మూఢనమ్మకాల పేరుతో జరిగే దోపిడీని, హింసను ఆపే చట్టం కోసం ఏళ్ల తరబడి తిరిగారు. 2013 ఆగస్టు 20న పుణెలో పొద్దున్నే నడకకు వెళ్తే కాల్చి చంపారు. ఆ తర్వాత కొద్ది రోజులకే ఆర్డినెన్స్ వచ్చింది, డిసెంబరులో అది చట్టమైంది. కర్ణాటక 2017లో తనదంటూ ఒకటి చేసుకుంది. బిహార్ అంతకు ఎంతో ముందే, 1999లో, ఆడవాళ్లకు మంత్రగత్తె ముద్ర వేయడాన్ని నేరం చేసింది. అలాంటి చట్టం మనకూ కావాలని సైన్స్ ప్రచారం చేసే జనవిజ్ఞాన వేదిక, హేతువాద సంఘాలు చాలాకాలంగా అడుగుతున్నాయి. ఆ అడగడం న్యాయమే.

మహారాష్ట్ర చట్టంలో నాకు నచ్చేది ఒకటుంది. దేవుణ్ణి, పూజను, యాత్రను అది ముట్టుకోదు. ఏయే పనులు నేరమో విడివిడిగా జాబితా రాసింది. దెయ్యం వదిలిస్తానని కొట్టడం, బాణామతి పేరు చెప్పి క్రూరమైన పనులు చేయడం, నిధుల కోసం నరబలి ఇవ్వడం, పాము, కుక్క, తేలు కరిచినవాణ్ణి ఆసుపత్రికి పోనీయకుండా మంత్రం వేయడం, ఇవన్నీ అందులో ఉన్నాయి. ఆరు నెలల నుంచి ఏడేళ్ల దాకా జైలు. హత్య జరిగేదాకా ఆగకుండా ముందే పోలీసు అడుగుపెట్టడానికి వీలుంటుంది. ప్రాణాలు నిలబడేది అక్కడే కాబట్టి ఇది చిన్న మేలు కాదు.

మరి చట్టం ఆగిపోయేది ఎక్కడ? మంత్రాలు చేస్తారని ముద్ర పడేవాళ్లు ఎవరో చూడండి. ఒంటరి ముసలిదో, దళితవాడలో చెట్ల మందు ఇచ్చే పెద్దాయనో, ఎకరం భూమి దగ్గర అన్నదమ్ములతో తగువున్నవాడో. మంత్రం చదవలేకుండా చేయాలని మనిషిని పట్టుకుని పళ్లు ఊడగొట్టిన ఘటనలు మన జిల్లాల్లోనే జరిగాయి. అలాంటి దాడిలో పాలుపంచుకునేది ఒక్కరు కాదు, పది ఇళ్లవాళ్లు. సాక్ష్యం చెప్పాల్సింది మిగతా ఇళ్లవాళ్లు. ఫిర్యాదు చేసినా ఆ ముసలమ్మ సాయంత్రానికి వెళ్లాల్సింది అదే ఊరికి, అదే వీధికి. ఆ రాత్రి ఆమె పక్కన ఎవరుంటారన్న దానికి చట్టంలో జవాబు లేదు. పాముకాటు సంగతీ అంతే. మంత్రం వేసినవాణ్ణి శిక్షించాల్సిందే. కానీ దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో విషానికి విరుగుడు ఇంజెక్షన్ లేనప్పుడు, రాత్రిపూట డాక్టరు లేనప్పుడు, జనం మంత్రగాడి గడపే తొక్కుతారు.

ఇక మహిమల గుట్టు విప్పే ప్రదర్శనలు. వీటి తీరు మీకు తెలిసిందే. పర్మాంగనేటు మీద గ్లిజరిన్ పోస్తే కొద్దిసేపట్లో అగ్గిపుల్ల లేకుండా మంట లేస్తుంది. కొబ్బరిపీచులో సోడియం ముక్క దాచి నీళ్లు చల్లితే కాయ భగ్గుమంటుంది. పసుపునీళ్లలో సున్నం పడితే రక్తం రంగు. నిప్పుల మీద నడవడానికి భక్తి అక్కర్లేదు, బొగ్గు వేడిని అరికాలికి నెమ్మదిగా అందిస్తుంది కాబట్టి ఆగకుండా నడిచేస్తే చాలు. 1995 సెప్టెంబరు 21న దేశమంతా వినాయకుడికి పాలు పట్టిస్తుంటే, శాస్త్రవేత్తలు పాలలో రంగు కలిపి, అవి విగ్రహం మీదుగా సన్నటి పొరలా కిందికి జారిపోవడాన్ని చూపించారు. తలతన్యత అన్న పాఠం దేశమంతటా చర్చకు వచ్చిన రోజు అది. అలాంటి పూట వేగంగా స్పందించగలిగేది ఈ పద్ధతి ఒక్కటే. పిల్లల మీద దీని ప్రభావం నేను కళ్లారా చూశాను. గుట్టు తెలిసిన పిల్లాడు ఇంకో బాబా దగ్గర కూడా గుట్టు కోసమే వెతుకుతాడు.

పెద్దవాళ్ల దగ్గర మాత్రం కథ వేరు. ప్రదర్శన అయిపోయి, సామాను సర్దుకుంటుంటే వెనకాల నుంచి ఎవరో ఒక తల్లి మెల్లగా వచ్చి అడుగుతుంది: "అయ్యా, అదంతా సరే. మరి మా పిల్లకు వస్తున్నదేంది?" నా దృష్టిలో అసలు పరీక్ష ఈ ప్రశ్న. బాబా నిమ్మకాయలో రక్తం ఎలా తెప్పించాడన్నది ఆమె బాధ కాదు. పిల్లకు ఫిట్స్ వస్తున్నాయి, ఇరుగుపొరుగు చేతబడి అంటున్నారు, అల్లుడు ఇంట్లో ఉంచుకోనంటున్నాడు. మూర్ఛకు మందులున్నాయి, చాలామందికి అదుపులో ఉంటుంది, కానీ ఏళ్ల తరబడి మానకుండా వాడాలి. ఆ మాట చెప్పి, మొదటి నెల మాత్రలు ఇప్పించి, రెండో నెల కూడా ఆ ఇంటికి వెళ్లేవాళ్లు కావాలి. వేదిక ఎక్కి దిగిపోయేవాళ్లు ఆ పని చేయలేరు.

ఇంకో చిక్కు, నాటువైద్యం 'పనిచేయడం' వెనక ఉన్న లెక్క. పచ్చకామెర్లకు పసరు పోస్తే తగ్గిందని వందమంది చెబుతారు, అబద్ధమాడరు. ఆ కామెర్లలో ఎక్కువ భాగం నీళ్ల ద్వారా వచ్చే రకాలు, పథ్యం చేసినా చేయకపోయినా కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గుతాయి. పాము మంత్రం కూడా అంతే. మన పొలాల్లో కరిచే పాముల్లో విషం లేనివి చాలా. విషప్పాము కాటు వేసినా ఒక్కోసారి విషం ఎక్కించదు. మంత్రగాడి దగ్గర బతికినవాళ్ల లెక్కలో వీళ్లంతా ఉంటారు. చచ్చిపోయినవాళ్ల గురించి 'ఆయుష్షు తీరింది' అంటారు. వేదిక మీద ఐదు నిమిషాల్లో చేసి చూపించే విషయం కాదిది. ఓపిగ్గా, పేరుపేరునా, తెలిసిన మనిషి చెబితేనే చెవికెక్కుతుంది.

సైన్స్ చదివితే చాలు కదా అనేవాళ్లు 2021 జనవరి నాటి మదనపల్లెను గుర్తు చేసుకోవాలి. ఇద్దరు కూతుళ్ల హత్య కేసులో నిందితులైన ఆ తల్లిదండ్రులు బాగా చదువుకున్నవాళ్లే. అంతకు ఎన్నో ఏళ్ల ముందు, 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం తెలంగాణ మీదుగా సాగింది. జపాల్-రంగాపూర్ వేధశాలలో శాస్త్రవేత్తలు దాన్ని కళ్లు విప్పార్చుకుని చూస్తుంటే హైదరాబాద్ రోడ్లు నిర్మానుష్యమయ్యాయి. తలుపులు మూసుకున్నవాళ్లలో డిగ్రీలున్నవాళ్లు ఎంతోమంది. వాళ్లకు పాఠం తెలుసు. భయం పోలేదు.

ఇప్పుడు గోరా దగ్గరికి వస్తాను. గోపరాజు రామచంద్రరావు వృక్షశాస్త్రం చదివి, కాలేజీల్లో ఆ పాఠమే చెప్పినవారు. నాస్తికుడినని దాచుకోనందుకు 1933లో కాకినాడలో ఉద్యోగం పోయింది. 1940లో భార్యాబిడ్డలతో కృష్ణా జిల్లా ముదునూరు చేరి నాస్తిక కేంద్రం పెట్టారు, 1947లో అది విజయవాడకు మారింది. వయోజనులకు చదువు చెప్పారు, కులాల మధ్య సహపంక్తి భోజనాలు పెట్టారు. సరస్వతీ గోరా గర్భవతిగా ఉండి గ్రహణం వేళ బయటికి వచ్చారు. నిప్పుల మీదా నడిచారు. వేదిక మీది ప్రదర్శనకూ దీనికీ తేడా చూడండి. గ్రహణం పట్టి బిడ్డకు మొర్రి వస్తుందని వణికే ఆడవాళ్ల ముందు ఆమె తన కడుపులో బిడ్డతోనే నిలబడింది. పాఠం చెప్పిన మనిషి ఆ వీధిలోనే ఉంది, పుట్టిన బిడ్డ అందరి కళ్ల ముందే పెరిగింది. ఇంతకన్నా నమ్మదగిన సాక్ష్యం ఏ ప్రయోగశాలా ఇవ్వలేదు.

"దేవుడు లేడంటే జనం దగ్గరికి రానిస్తారా?" అన్నది దీని మీద వచ్చే పెద్ద అభ్యంతరం. దభోల్కర్ సమితి దేవుడి జోలికి పోకుండానే పనిచేసింది, అదీ గౌరవించదగ్గ పద్ధతే. గోరా మాత్రం దాచలేదు. అయినా గాంధీ ఆయన్ను సేవాగ్రామ్‌కు రానిచ్చారు, వాదించారు, ఇష్టపడ్డారు. గోరా పెద్దకూతురికి దళిత యువకుడితో పెళ్లి తన ఆశ్రమంలోనే జరిపిస్తానని మాట ఇచ్చారు. గాంధీ హత్య తర్వాత 1948 మార్చిలో ఆ పెళ్లి సేవాగ్రామ్‌లోనే జరిగింది. నమ్మని మనిషి అని తెలిసీ జనం దగ్గరికి తీశారంటే, పక్కన కూర్చుని అన్నం తిన్నాడు కాబట్టి, చెప్పిన దానికి ముందు తన ఇంట్లో కట్టుబడ్డాడు కాబట్టి. నాకు మానవవాదం అంటే ఇదే.

చట్టం, సేవ కలిస్తే ఏమవుతుందో జోగిని ఆచారం, అంటే దేవత పేరున ఆడపిల్లల్ని అంకితం చేసే ఆచారం, చూపించింది. గోరా కోడలు, గుర్రం జాషువా కూతురు హేమలతా లవణం, భర్త లవణంగారితో కలిసి సంస్కార్ సంస్థ ద్వారా నిజామాబాద్ జిల్లాలో జోగినుల మధ్య పనిచేశారు. 1988లో ఆంధ్రప్రదేశ్‌లో ఆ ఆచారాన్ని నిషేధిస్తూ చట్టం వచ్చింది. కానీ చట్టం రాసిన మర్నాడు ఒక జోగినికి కూలి ఎవరిస్తారు, ఆమె పిల్లాణ్ణి బడిలో చేర్చేటప్పుడు తండ్రి పేరు దగ్గర ఏం రాస్తారు? ఆ ప్రశ్నలకు మనుషులు వెళ్లి జవాబు వెతకాల్సి వచ్చింది. నెల్లూరు జిల్లా దూబగుంటలోనూ అంతే. సారా వ్యతిరేక ఉద్యమం అక్షరాస్యత తరగతుల్లో రాజుకుంది. వాచకంలోని ఒక పాఠం చదివి ఆడవాళ్లే కదిలారు. 1993లో సారా నిషేధం వచ్చింది. ఆ తరగతులు నడిపినవాళ్లలో జనవిజ్ఞాన వేదిక కార్యకర్తలూ ఉన్నారు. ప్రదర్శనలు ఇచ్చే సంస్థే ఊళ్లో నిలిచి పనిచేస్తే ఎంత శక్తి వస్తుందో చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ నాకు చాలు.

అలాగని అన్నింటికీ ఒకే మందు కాదు. నమ్మకం దేన్ని తిని బతుకుతోందో చూడాలి. బియ్యాన్ని లాగే మహిమ ఉందంటూ అమ్మే రైస్ పుల్లింగ్ చెంబు, గుప్తనిధులు, రెండు తలల పాము, వీటి వెనక ఉన్నది ఆశ. అక్కడ మోసగాడు ఉన్నాడు, డబ్బు చేతులు మారింది, కేసు పెట్టి లోపలేస్తే వ్యాపారం కూలుతుంది. చట్టమే మేలు. బూడిద రాల్చే బాబాల దగ్గర ఉన్నది అబ్బురం. అక్కడ ప్రదర్శనను మించింది లేదు. చేతబడి, బాణామతి, దిష్టి, గ్రహణం, వీటి వెనక ఉన్నది భయం. జబ్బు భయం, అప్పు భయం, బిడ్డ పోతుందన్న భయం. భయపడ్డ మనిషికి శిక్ష పనికిరాదు, గుట్టు విప్పి చూపించడమూ చాలదు. తోడు కావాలి. మన దగ్గర ఎక్కువ ప్రాణాలు తీస్తున్నది ఈ మూడో రకమే కాబట్టి నా ఓటు అటు పడింది.

టీవీ చర్చలు, యూట్యూబ్ సవాళ్ల గురించి కూడా అడుగుతారు. అక్కడ గెలుపోటములు తప్ప మనసు మారడం నేను చూడలేదు. మానవవాద తత్వవేత్త ఎం.ఎన్. రాయ్ బాటలో తెనాలి ప్రాంతంలో నడిచిన మానవవాద అధ్యయన తరగతులు మంచి మనుషుల్ని, మంచి రచయితల్ని తయారుచేశాయి, ఈ పనికి అవి పునాది.

రేపు మన రెండు రాష్ట్రాల్లో ఎక్కడైనా ముసాయిదా చట్టం చర్చకు వస్తే, శిక్షల జాబితాతో పాటు మూడు పనులు రాయమని అడగండి. మంత్రాల ముద్ర పడినవాళ్ల ఇంటికి, భూమికి తక్షణ రక్షణ, ఊరు విడిచి పోవాల్సివస్తే పునరావాసం. ప్రతి మండలంలో మానసిక వైద్యుడు నెలకు ఒక్కసారైనా వచ్చి చూసే ఏర్పాటు. పాముకాటు విరుగుడు, మూర్ఛ మాత్రలు ఏ ఆరోగ్య కేంద్రంలోనూ అయిపోకుండా చూసే బాధ్యత ఒక అధికారి పేరు మీద.