రైలోళ్ళ తాతను వెతుక్కుంటూ బెజవాడ, గుంటూరు: మూడు రోజులు, ఒక దొంగ కాగితం

ముందే చెప్పేస్తున్నా. బెజవాడలో ఎవరైనా "మీ పెద్దల రైల్వే సర్వీసు రికార్డు తెప్పిస్తాను" అంటే ఒక్క రూపాయి కూడా చేతిలో పెట్టకండి. నేను 4,500 పెట్టాను. పోయిన డబ్బు కన్నా, 78 ఏళ్ళ మా నాన్న ఆ కాగితం చేతిలోకి తీసుకునే ముందు కళ్ళద్దాలు తుడుచుకున్నారే, అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపం ఆగదు.

సంగతేమిటంటే, మా ఊళ్ళో మమ్మల్ని ఇంటిపేరుతో ఎవరూ పిలవరు. "రైలోళ్ళు" అంటారు. నాన్నకి ముత్తాత ధాత కరువులో, అంటే 1876-78 కరువులో, అమ్మానాన్నల్ని పోగొట్టుకున్నాడట. తర్వాత సదరన్ మరాఠా రైల్వే వాళ్ళు గుంతకల్లు నుంచి బెజవాడ దాకా మీటర్ గేజ్ (పట్టాల మధ్య మీటరు ఎడం ఉండే) లైను వేస్తున్నప్పుడు మట్టిపనికి చేరాడు. నల్లమలలో చలిజ్వరానికి తమ్ముడు పోయాడు, తను మాత్రం లైనుతో పాటే నడుచుకుంటూ కృష్ణ ఒడ్డుదాకా వచ్చాడు. ఇదంతా నాయనమ్మ చెప్పిందే. కాగితం మీద ఒక్క అక్షరం లేదు. ఆయన పేరు ఎక్కడైనా రాసి ఉంటే ఒక్కసారి కళ్ళతో చూడాలని నాన్న పదేళ్ళుగా అడుగుతుంటే ఈసారి నేనూ అక్కా కలిసి తీసుకెళ్ళాం.

హైదరాబాదు నుంచి రాత్రి బస్సు, మనిషికి 650. గాంధీనగర్‌లో లాడ్జి, రెండు గదులు, గదికి రోజుకు 1,600. వేడినీళ్ళు పొద్దున ఏడు దాటితే రావు, మిగతా అంతా బాగానే ఉంది.

ఆ మనిషి నంబరు తెలిసినవాళ్ళ ద్వారా దొరికింది. స్టేషను దగ్గర టీ కొట్టులో కలిశాడు. పాత కాగితాల గదిలో తన మనిషి ఉన్నాడనీ, పొద్దున డబ్బులిస్తే సాయంత్రానికి తెచ్చిస్తాననీ అన్నాడు. ముందు 3,000, కాగితం ఇచ్చాక 1,500. ముత్తాత పేరు, ఆయన తండ్రి పేరు, ఊరు, నేనే స్పెల్లింగుతో సహా రాసిచ్చాను. సాయంత్రం ఆరున్నరకి పసుపుపచ్చ కాగితం ఒకటి లామినేషన్ చేయించి తెచ్చాడు. గ్యాంగ్‌మన్, నియామకం 1889, విజయవాడ డివిజన్, దక్షిణ మధ్య రైల్వే. నాన్న ఆ పేరు మీద వేలు పెట్టి రెండుసార్లు పైకి చదివారు. మిగతా డబ్బు నేను అక్కడే ఇచ్చేశాను.

లాడ్జికి వచ్చాక అక్క పట్టుకుంది. దక్షిణ మధ్య రైల్వే పుట్టిందే 1966 అక్టోబరు 2న! 1889లో ఈ ఊరిని కాగితాల మీద విజయవాడ అని ఎవరు రాశారు, బెజవాడ కదా. మన లైను అప్పుడు సదరన్ మరాఠా వాళ్ళది, 1908లో మద్రాసు రైల్వేతో కలిశాక మద్రాస్ అండ్ సదరన్ మరాఠా అయింది. ఇంత మాత్రం కూడా చూసుకోకుండా టైపు కొట్టించాడు. ఫోన్ చేస్తే స్విచ్చాఫ్. నాన్న ఆ రాత్రి అన్నం తినలేదు. గోడవైపు తిరిగి పడుకుని, చాలాసేపటికి "నన్ను సంతోషపెట్టడానికి మీరే చేయించారేమో అనుకున్నాన్రా" అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు.

అసలు ఆయన పేరు రైల్వే రికార్డుల్లో దొరుకుతుందని నేను అనుకోవడమే తప్పు. లైను వేసేటప్పుడు కంపెనీ పనిని కంట్రాక్టర్లకు ఇచ్చేది, వాళ్ళ కింద మేస్త్రీలు, మేస్త్రీ కింద కూలీల ముఠా. మగవాళ్ళు తవ్వితే ఆడవాళ్ళు గంపలు మోసేవాళ్ళు. తవ్విన గుంట మధ్యలో మట్టి దిమ్మ వదిలేసి, దాని ఎత్తు చూసి లోతు లెక్కగట్టి డబ్బులిచ్చేవాళ్ళు. అలాంటప్పుడు కూలీ పేరు మేస్త్రీ లెక్క దాటి ఎక్కడికి పోతుంది? ఉద్యోగ చరిత్రలని అచ్చువేసి దాచినవి ఎక్కువగా దొరల ఉద్యోగాలవి. మీవాళ్ళూ కూలిపనే చేసి ఉంటే రైల్వే ఆఫీసుల చుట్టూ తిరగకండి, ఊరి భూమి రికార్డులు చూడండి. ఈ ముక్క ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఆ 4,500 మిగిలేది.

రెండో రోజు గుంటూరు పాసింజరు, మనిషికి 10 రూపాయలు. మంగళగిరి దాటాక మా పొలం పట్టాల పక్కనే కనిపిస్తుంది, నాన్న కిటికీ వదల్లేదు. మండల ఆఫీసులో మొదట "రేపు రండి" అన్నారు. ఒక కుర్రాడు, జూనియర్ అసిస్టెంట్, నాన్న మెట్ల మీద కూర్చోవడం చూసి "బాబాయ్, సర్వే నంబరుందా" అని అడిగాడు. పాస్‌బుక్కు చూపించాం. గంటన్నర తర్వాత డైగ్లాట్ తెచ్చి టేబుల్ మీద పరిచాడు. తెలియనివాళ్ళకి చెబుతున్నా, డైగ్లాట్ అంటే తెల్లదొరల కాలంలో సర్వే చేసి తెలుగు, ఇంగ్లీషు రెండిట్లో రాసిన సెటిల్‌మెంట్ రిజిస్టరు. ఏ సర్వే నంబరులో ఎంత భూమి, మెట్టా మాగాణా, శిస్తెంత, పట్టా ఎవరిది, అన్నీ అందులో ఉంటాయి. అంచులు పొడిపొడిగా రాలుతున్నాయి, కుర్రాడు స్కేలుతో పేజీలు తిప్పాడు.

1 ఎకరం 38 సెంట్లు, మెట్ట. పట్టాదారు గడిలో ఆయన పేరు.

పక్క సర్వే నంబరు రైల్వేది. తను మట్టి పోసిన కట్టనానుకునే ఆయన భూమి కొన్నాడు. నాయనమ్మ "కట్ట పక్క చేను" అని ఎందుకనేదో మాకు అప్పుడు అర్థమైంది. నాన్న ఏమీ మాట్లాడలేదు, కుర్రాడి భుజం మీద చెయ్యి వేసి అలాగే నిలబడిపోయారు. ఫొటో తీయనివ్వలేదు, నకలుకి దరఖాస్తు పెట్టి వచ్చాం, పదో రోజున అందింది. మీరు వెళ్తే సర్వే నంబరు తప్పకుండా దగ్గర పెట్టుకోండి. వట్టి పేరు చెబితే ఎవరూ వెతకలేరు.

బ్రాడీపేటలో ఒక మెస్సులో భోజనం, 130. ముద్దపప్పు, గోంగూర, పచ్చిపులుసు, వంకాయ కారం. ముందురోజు రాత్రి నుంచి ఏమీ తినని మనిషి మూడుసార్లు అన్నం పెట్టించుకున్నారు. వడ్డించే ఆవిడ అడక్కుండానే రెండోసారి నెయ్యి వేసి "ఏ ఊరు బాబాయ్" అంది. అంతే, కరువు దగ్గర్నుంచి డైగ్లాట్ దాకా కథంతా ఆవిడకి చెప్పేశారు. అంత తీరిగ్గా నాన్న మాట్లాడటం చూసి ఎన్నాళ్ళయిందో!

మూడో రోజు ఆటో మాట్లాడుకుని (350) తాడేపల్లి, సీతానగరం వైపు వెళ్ళాం. ఇప్పుడున్న ప్రకాశం బ్యారేజీ 1957లో వచ్చింది. మా పెద్దాయన చూసి ఉంటే 1855లో పూర్తయిన పాత ఆనకట్టని చూసి ఉంటాడు. కృష్ణా కెనాల్ స్టేషను బయట చెట్టు కింద రిటైరైన కీమన్ (పట్టాల బిగింపులు చూసుకుంటూ లైను వెంట నడిచే ఉద్యోగి) ఒకాయన కలిశారు. రోజూ సుత్తి, స్పానరు భుజాన వేసుకుని ఆరు కిలోమీటర్లు పోను, ఆరు రాను నడిచేవారట. నాన్న అడిగితే లేచి నిలబడి, బీటర్‌తో కంకరని స్లీపరు కిందికి ఎలా ఎక్కిస్తారో ఖాళీ చేతులతోనే చూపించారు. నలుగురూ ఒకే ఊపులో కొట్టాలట, ఒక్కడు తప్పినా పక్కవాడి కాలు పోతుందట. "మాకు మిషన్లు వచ్చాయి అన్నగారూ, మీ పెద్దాయన కాలంలో అన్నీ చేతులే" అన్నారు. నాన్న కూడా ఆయన పక్కన నిలబడి రెండుసార్లు అలా కొట్టి చూశారు.

తిండి, ఆటోలకి 2,600. రానుపోను బస్సు, లాడ్జి, ఆ దొంగ కాగితంతో కలిపి మొత్తం 17,400 అయింది. లామినేషన్ కాగితాన్ని అక్క చింపబోతే నాన్న వద్దన్నారు, దాని వెనకాల డైగ్లాట్‌లోని సర్వే నంబరు, పట్టా నంబరు రాసుకున్నారు. ఇప్పుడు నల్లమలలో దొరబావి వంతెన చూడాలంటున్నారు. మీటర్ గేజ్ కాలం నాటిది, లైను మారాక వదిలేశారు. తమ్ముడు పోయింది ఆ అడవిలోనే కదా అని. డిసెంబరులో నంద్యాలకి టికెట్లు చూస్తున్నాను. అడవిలో ఎంతదాకా పోనిస్తారో, 78 ఏళ్ళ మనిషి నడవగలిగిన దారేనా, వెళ్ళొచ్చినవాళ్ళెవరైనా ఉంటే చెప్పండి.